ఒట్టి మనిషి

సొరుగులో ఫోను ఒక్కసారి గుర్రుమని ఊరుకుంది. రిపోర్టు రెండింటికి పంపిస్తామన్నారు, రెండు దాటి మూడు నిమిషాలైంది, అంటే అదే. ఆమె సొరుగు తెరవలేదు. అద్దానికి చేసిన అరచెయ్యంత కంతలోంచి ఎవరో చీటీ అందిస్తే పుచ్చుకుంది, వయసెంతండీ అని అడిగింది, ఏ కాలండీ అని అడిగింది, కంప్యూటర్లో ఎక్కించి నంబరు రాసిచ్చింది. "ఎర్ర దీపం ఆరాక పిలుస్తారు, ఆ బెంచీ మీద కూర్చోండి" అంది. పద్నాలుగేళ్ళు ఎక్స్‌రే గదిలో నిలబడి ఆ ఎర్ర దీపం వెలిగించిన మనిషి, పన్నెండు రోజులుగా దాని సంగతి జనానికి చెప్పే మనిషైంది. ఇది గది అనడానికి నోరు రాదు. మెట్ల కింద మిగిలిన జాగాకి తలుపు బిగించారు. కుర్చీ వెనక్కి జరిపితే బీరువా, ముందుకి జరిపితే బల్ల, పక్కకి తిరిగితే గోడకి మోచెయ్యి. పైన ఎవరు మెట్లు దిగినా నెత్తి మీంచి దిగినట్టే ఉంటుంది. ఫ్యాను లేదు, పెట్టే చోటు లేదు. మీకు ఇక్కడ హాయిగా ఉంటుందమ్మా, కూర్చుని చేసే పని, అన్నాడు ఇన్‌ఛార్జి, ఎంతో మేలు చేసినవాడిలాగా. నిజానికి మేలే చేశాడు. అందరూ మేలే చేస్తున్నారు, అదే కదా వచ్చిన చిక్కు, ఒక్కరైనా కీడు చేస్తే ఎదురు తిరగడానికి ఉండేది.

అసలు తను అన్నది ఒక్క మాట. ఆరు రోజులు దాటిందప్పటికి, ఒంట్లో అదో చికాకు, నడుం లాగడం, చనుమొనలు బట్ట తగిలితేనే సలపడం, రేపో ఎల్లుండో వచ్చేస్తుందిలే అనుకుంటూ తిరుగుతోంది. ఆడపడుచు ఫోన్ చేసి గొంతు అలా ఉందేం అంది. "ఏం లేదు వదినా, ఈసారి నెల తప్పింది, అదే చిరాగ్గా ఉంది." తేదీ తప్పిందన్న అర్థంలోనే అంది, బస్సు తప్పింది అన్నట్టు. కానీ ఆ మాటకి లోకంలో ఒకటే అర్థం. అవతల నుంచి కేక, "నెల తప్పిందా! అమ్మా, ఓ అమ్మా, విన్నావా!" అని ఊరు ఎగిరిపోయేలా. అబ్బే అది కాదు వదినా అనబోయింది, అనేలోగా ఆవిడ పెట్టేసింది, సాయంత్రానికి ఇంటిల్లిపాదికీ తెలిసింది. నెల తప్పి కడుపు రాకపోతే దానికి ఏమనాలి? దానికి మాట లేదు. నెల తప్పిన ఆడది ఒట్టి మనిషి కాదు, అంతే, తప్పిన నెల వెనక ఏమీ లేకపోవచ్చని ఎవరికీ తోచదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆయన గుమ్మంలోనే ఉన్నాడు, కళ్ళద్దాల కొట్టు రెండు గంటలు ముందు కట్టేసి వచ్చాడట. ఏమీ అడగలేదు. చేతిలో సంచీ తీసుకున్నాడు, చెప్పులు విప్పుకోవడానికి వంగబోతే వంగొద్దు వంగొద్దు అని తనే వంగాడు. ఎనిమిదేళ్ళ కాపురంలో తన పాదాలు ఆయన అంత దగ్గరగా చూడ్డం అదే మొదటిసారి. అప్పుడు చెప్పి ఉండాల్సింది. అప్పుడే, ఆ గుమ్మంలోనే, నవ్వుతూ చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే నిజంగానేమో అనిపించింది కాబట్టి, కాదు, అది తర్వాత అనిపించింది. ముందు అనిపించింది ఒక్కటే, ఇంకొక్క నిమిషం ఇలాగే ఉండనీ అని.

ఆ ఒక్క నిమిషం ఇరవై రోజులైంది.

మరునాడు పొద్దున అత్తయ్య పాలు తెచ్చి మంచం పక్కన పెట్టింది. ఆవిడ స్కూలు లైబ్రరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి దిగిన మనిషి, నిశ్శబ్దం అని బోర్డు రాసిన చోట బతికినందుకో ఏమో ఇంట్లోనూ రోజుకి పది మాటలు మించి మాట్లాడదు. పాల మీద మీగడ తీసేసి ఉంది. కోడలికి మీగడ గిట్టదని ఎనిమిదేళ్ళుగా ఆవిడకి తెలుసన్న సంగతి తనకి ఆ రోజే తెలిసింది. తెలిసీ ఇన్నాళ్ళూ తియ్యలేదు, ఇప్పుడు తీసింది. ఆ గ్లాసు పట్టుకుని ఏడుపొచ్చింది, సంతోషమో కోపమో తేలలేదు. ఇన్నేళ్ళూ ఈ ఒంటికి ఇవ్వని మర్యాద, దీని లోపల ఉందో లేదో తెలియని దానికి ఇస్తున్నారు. అయినా తాగింది. మర్నాడూ తాగింది. అలవాటు పడింది కూడా, అబద్ధం ఎందుకు. బకెట్టు ఎత్తబోతే అత్తయ్య వచ్చి లాక్కుంటే, సరేనండీ అని వదిలేసి నిలబడ్డం ఎంత సుఖంగా ఉంటుందో, బకెట్లు మోసిన వాళ్ళకే తెలుస్తుంది.

కడుపు తెలిపే మొదటి పరీక్ష పుల్ల పదో రోజున. ఆ చిన్న కిటికీలో ఒక్క గీత, అంతే, రెండోది లేదు. ఆయనకి చూపించింది, ఒక బరువు దిగుతుందనుకుని. ఆయన దాన్ని ట్యూబులైటు కిందికి తీసుకెళ్ళి, కొట్లో అద్దాల మీద గీతలు వెతికే భూతద్దం కంటికి పెట్టుకుని, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇదిగో, ఇటు రా, చూడు, లీలగా ఉంది, గులాబీ రంగు. కనిపిస్తోందా?" రోజుకి యాభైమందిని ఇదా బాగుంది, ఇదా బాగుంది అని అడిగి, వాళ్ళ చూపుకి తగ్గ అద్దం తీసిచ్చే మనిషి. ఆయన గొంతులో ఆ కొట్టు గొంతే ఉంది, ఓపిగ్గా, కనిపించేదాకా వదలనట్టు. కనిపించలేదు. "ఏమో, ఉందేమో" అంది. ఎదుటివాడు అంత ఆశగా అడుగుతుంటే కళ్ళ డాక్టరు దగ్గర కూడా జనం కనబడని అక్షరాలు చదివేస్తారు. రెండో పుల్ల కూడా ఒంటి గీతే. అప్పుడాయన పొద్దున్నే చెయ్యాలిట, తొందరపడితే తెలీదట, చాలామందికి ఇలాగే అవుతుందట, ఎవరో ఒకావిడకి అయిదోసారికి గానీ తెలీలేదట అన్నాడు. మూడోది చెప్పకుండా చేసింది, హ్యాండుబ్యాగులో పెట్టుకొచ్చి ఆసుపత్రి చెత్తబుట్టలో పారేసింది. నాలుగోది ఇక్కడే, ఉద్యోగుల బాత్రూంలో, తలుపు బయట ఎవరో దబదబా బాదుతుంటే. ఒక గీత. ఒక గీత. ఎన్నిసార్లు అడిగినా ఒకటే సమాధానం చెప్పే మనిషిని మొండిదంటారు. పుల్లని ఏమంటారు?

ఆసుపత్రికి ఆయన తనతో చెప్పకుండా వచ్చాడు. ఇన్‌ఛార్జికి దండం పెట్టి, మా ఆవిణ్ణి ఎక్స్‌రే గదిలోకి పంపకండి సార్ అన్నాడట. పది నిమిషాల్లో డ్యూటీ కాగితం మారిపోయింది. "ముందే చెప్పాలి కదమ్మా, రూలు మీకు తెలీదా, అందరికీ మీరే చెప్తారు" అన్నాడు ఇన్‌ఛార్జి. ఊఁ అంది. అంతకంటే ఏమనాలి, నలుగురూ చుట్టూ నిలబడి నవ్వుముఖాలు పెడితే? ఆ ఊఁ తోనే తలుపు పడింది. ఇంట్లో ఊరుకోవడం ఒక ఎత్తు, ఇక్కడ ఊఁ అనడం ఒక ఎత్తు. రూలు తెలియకేం. పద్నాలుగేళ్ళుగా రోజుకి పాతికమంది ఆడవాళ్ళని అడిగింది, కడుపుతో ఉన్నారా, నెలసరి ఎప్పుడొచ్చింది అని, ఊరు పేరు అడిగినట్టు. డెబ్బై ఏళ్ళ ముసలావిడ పళ్ళులేని నోటితో పకపకా నవ్వి, నీ నోట్లో పంచదార పొయ్యా అంది ఒకసారి. తల్లి పక్కన నిలబడ్డ కాలేజీ పిల్ల లేదండీ అని నోటితో అని కళ్ళతో ఇంకేదో అంటే, తల్లిని ఫైలు తెమ్మని బయటికి పంపించి మళ్ళీ అడిగింది. ఇంకొకావిడ వేళ్ళ మీద లెక్కపెడుతూ పెడుతూ ఆగిపోయి, మళ్ళీ మొదటి వేలు నుంచి మొదలుపెట్టి, చివరికి నాకేం తెలీడం లేదమ్మా, నువ్వు తీసెయ్యి అని ఏడ్చింది. ఏడవడానికి ఏముంది, ఉంటే ఉంది లేకపోతే లేదు అనుకుంది ఆ రోజు, వెనక క్యూ ఉందని విసుక్కుంది కూడా. ఆవిడ ఆకుపచ్చ చీర, భుజం మీద పిన్ను. ఇప్పుడు ఎక్కడుందో. కాళ్ళ మీద పడి క్షమించమనాలనుంది.

పైన మెట్ల మీద దబదబా ఎవరో దిగారు. రెండు ఇరవై. నాలుగింటికి స్కాను. ఇక్కడ కాదు, పక్కవీధి డాక్టరమ్మ దగ్గర, ఆడపడుచు మాట్లాడి పెట్టింది. మూడున్నరకి గేటు దగ్గర ఉండు, మేం ముగ్గురం వస్తాం అన్నాడాయన. ముగ్గురు. ఆడపడుచు ఎనిమిదింటి బస్సుకి వచ్చేసింది, తన పిల్లల చిన్నప్పటి చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేసి మూటగట్టుకుని మరీ. స్కాను గది ఎలా ఉంటుందో తనకి తెలీకపోతే కదా. చల్లటి జిగురు పొట్ట మీద. మసక వెలుతురు. కాళ్ళ దగ్గర వదిన, తల దగ్గర ఆయన, గోడకి ఆనుకుని అత్తయ్య. డాక్టరమ్మ చెయ్యి పొట్ట మీద నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగుతుంది, ఇంకోసారి వెనక్కి వస్తుంది, అప్పుడు మాట్లాడ్డం మానేస్తుంది. ఆ మానెయ్యడం తను ఎన్నిసార్లు పక్క గదిలోంచి విందో. తెర మీద ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో ఆయనకి తెలీదు. ఆయన దాంట్లో కూడా వెతుకుతాడు. ఇదిగో, ఇటు చూడండి డాక్టరుగారూ, లీలగా ఉంది అంటాడు. దేవుడా. కుడితిలో పడ్డ ఎలుక ఇలాగే ఈదుతుంది కాబోలు, గట్టు కనిపిస్తూనే ఉంటుంది, జారుడు. నిన్నటిదాకా రోజుకి పదిసార్లు బాత్రూంకి వెళ్ళి చూసుకుంది. ఎర్రగా కనిపిస్తే గుండె పగులుతుంది, కనిపించకపోతే ఊపిరాడదు. వచ్చేస్తే బాగుణ్ణు, అయ్యో పాపం పోయిందిట అంటారు, నాలుగు రోజులు ఏడుస్తారు, అబద్ధం అని ఎవరూ అనరు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. లేని బిడ్డని చంపుకోవాలా బయటపడ్డానికి? ఆ అసహ్యంతోనే ఇవాళ పొద్దున రెండు స్టాపుల ముందే బస్సు దిగి, ముక్కూ మొహం తెలియని ల్యాబులో రక్తం ఇచ్చింది. పుల్ల అబద్ధం చెప్తుందేమో, రక్తం చెప్పదు.

సొరుగు తెరిచింది. రెండు నలభై. కాగితం చిన్న తెర మీద అంగుళం అంగుళంగా దిగింది, ల్యాబు గుర్తు, వయసు ముప్పై ఆరు, స్త్రీ, ఆ కింద కడుపుంటే వేలల్లో ఉండాల్సిన ఒక అంకె, ఆ అంకె ముందు దానికంటే తక్కువ అనే చిన్న గుర్తు. ఎంత తక్కువో కూడా చెప్పక్కర్లేనంత తక్కువ. మళ్ళీ చదివింది. ఊడిన పన్ను చోటుని నాలుక తడిమినట్టు మనసు అక్కడికే పోతోంది. ఏడుపు వస్తుందేమో అని కాసేపు చూసింది, రాలేదు. ఆకలేసింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చింది, ఒకరి కోసం తినాలి తినాలి అని అందరూ అంటుంటే తనకోసం ఆకలెయ్యడం మర్చిపోయింది.

అప్పుడే ఆ పిల్ల ఏడుపు వినిపించింది. ఏడుపు కాదు, అరుపు. అద్దం కంతలోంచి చూస్తే ఎదురు బెంచీ దగ్గర నాలుగేళ్ళ ఆడపిల్ల, కుడి మోచెయ్యి వాచి వంకాయలా ఉంది, దాన్ని ఎడమ చేత్తో పొట్టకి అదుముకుని ఎవర్నీ ముట్టనివ్వడం లేదు. పక్కన తల్లి, నిండు చూలాలు, ఎనిమిదో నెలైనా ఉంటుంది, వంగలేక మోకాళ్ళ మీద కూలబడింది. ఎక్స్‌రే గది గుమ్మంలో తనతో పనిచేసే టెక్నీషియను, నిచ్చెన, నిలబడి ఉన్నాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి, ఆసుపత్రి మొత్తం నిచ్చెన అనే పిలుస్తుంది, తనూ పలుకుతాడు. ఇవాళ డ్యూటీలో వాళ్ళిద్దరే, ఇన్‌ఛార్జి పైన మీటింగులో ఉన్నాడు.

"ఎవరో ఒకరు పట్టుకోవాలమ్మా. కదిలితే ఫోటో రాదు. ఇంట్లోవాళ్ళు ఇంకెవరూ రాలేదా?"

"ఆయన ఊళ్ళో లేరండీ. నేను పట్టుకుంటాను."

"మీరు లోపలికి రాకూడదమ్మా."

"అయితే మీరు పట్టుకోండి."

"నేను పట్టుకుంటే మీట ఎవరు నొక్కుతారు?" నిచ్చెన ఇటు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. "మా మేడం ఉన్నారు గానీ, ఆవిడా రాకూడదు ఇప్పుడు."

ఆ తల్లి తలెత్తి అద్దంలోంచి చూసింది. కళ్ళ నిండా నీళ్ళు, అయినా చిన్న నవ్వు, ఒక పడవలో ఉన్నవాళ్ళు నవ్వుకునే నవ్వు. "మీరు కూడానా? ఎన్నో నెలండీ?"

ఎన్నో నెల. ఊఁ అంటే సరిపోదు దీనికి, అంకె చెప్పాలి. రెండు అనొచ్చు. రెండు అంటే ఆవిడ జాగ్రత్త అంటుంది, పిల్ల అరుస్తూనే ఉంటుంది, మీటింగు అయ్యి ఇన్‌ఛార్జి దిగేదాకా ఆ మోచెయ్యి అలా వాస్తూనే ఉంటుంది, తను ఈ మెట్ల కింద కూర్చుని వింటూనే ఉంటుంది. కుర్చీ వెనక్కి తోసింది, బీరువాకి తగిలి ఠంగుమని మోగింది.

"నాకు లేదండీ" అంది బయటికి వచ్చి.

"ఏంటండీ?"

"కడుపు. లేదు నాకు."

గొంతు మామూలుగానే ఉంది, టైము చెప్పినట్టు. నిచ్చెన అంత పొడుగు మనిషీ ఒక్కసారి పొట్టివాడైపోయాడు. "మేడం, మరి ఇన్‌ఛార్జి సారు..."

"సారుకి నేను చెప్తాను. మీరు మీట దగ్గరికి వెళ్ళండి."

సీసం ఏప్రను భుజాల మీద పడగానే ఆ పాత బరువు, పన్నెండు రోజుల తర్వాత. పొట్ట మీద నుంచి మోకాళ్ళ దాకా. లోపల కాపాడుకోవాల్సింది ఏదీ లేదు, తను తప్ప. పిల్లని ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టింది, చెయ్యి ముట్టుకోలేదు, చెవిలో గుసగుసగా మాట్లాడింది. "ఈ చెయ్యి నిద్రపోతోంది తెలుసా? అరిస్తే లేస్తుంది. లేస్తే ఇంకా నొప్పి." పిల్ల వెక్కుతూ చూసింది. "దాన్ని మెల్లగా పక్క మీద పడుకోబెడదామా?" పలక మీదికి చెయ్యి అంగుళం అంగుళంగా వచ్చింది. మెషీను వెలుగు గళ్ళు మోచేతి మీద పడ్డాయి. పిల్ల భుజం తన పొట్టకి ఆనించుకుని, రెండు చేతులూ వెలుగులోకి రాకుండా దూరంగా పట్టుకుని, ఊఁ అంది. టక్కుమంది. "లేచిందా?" అంది పిల్ల. "లేదు, ఇంకొక్కటి. ఇటు తిరిగి పడుకోవాలిట దానికి." మళ్ళీ టక్కు. ఎముక చివర సన్నగా చీలింది, ఊడిపడలేదు, కట్టు వేస్తే అతుక్కుంటుంది. తెర మీద ఉన్నది ఉన్నట్టు కనిపించింది. ఎవరూ భూతద్దం పెట్టక్కర్లేదు.

తల్లి రెండు చేతులూ పట్టుకుని ఏదో అనబోయింది. ఎనిమిదో నెల పొట్ట తన చేతికి తగిలింది, గట్టిగా, వెచ్చగా. ఎడమ పక్క నుంచి ఒక పోటు పొడిచింది, మడమో మోచెయ్యో. చెయ్యి వెనక్కి తీసుకుంది, చురుక్కుమన్నట్టు. అప్పుడొచ్చింది ఏడుపు. సీసం ఏప్రను విప్పకుండానే, ఒకప్పుడు ఫిల్ములు కడిగిన చీకటి గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చింది, ఎంతసేపో తెలీదు, ఎక్కువసేపు కాదు. నిచ్చెన తలుపు బయట నిలబడి, వచ్చిన వాళ్ళనల్లా మెషీను వేడెక్కిందండీ, అయిదు నిమిషాలు ఆగండి అని పంపించేస్తున్నాడు. మెషీను వేడెక్కలేదు.

మూడు పది. ఆయన నంబరు నొక్కింది. నాలుగు సార్లు మోగాక ఎత్తారు, కానీ ఆయన కాదు.

"నేనమ్మాయ్. వాడు బండి తుడుస్తున్నాడు. బయల్దేరుతున్నాం."

అత్తయ్య ఎత్తుతుందని అనుకోలేదు. ఆయనకి చెప్పాల్సిన మాటలు వరుసగా పేర్చుకుంది, అవి ఈవిడకి సరిపోవు. తర్వాత చేస్తానత్తయ్యా అనొచ్చు. అంటే తర్వాత అనేది గేటు దగ్గర, దారిలో, స్కాను బల్ల మీద.

"అత్తయ్యా, నేను కడుపుతో లేను. రక్తం పరీక్ష చేయించుకున్నా. పుల్లలు నాలుగూ లేదనే చెప్పాయి. నాకు ముందే తెలుసు. మీకెవరికీ చెప్పలేదు."

అవతల వెనక నుంచి వదిన గొంతు, ఏమైందమ్మా అని. ఆగు, అంది అత్తయ్య, ఫోన్లోకి కాదు. ఏదో తలుపు మూసిన చప్పుడు. ఊపిరి. ముప్పై ఏళ్ళు నిశ్శబ్దం బోర్డు కింద కూర్చున్న ఆవిడ నిశ్శబ్దం. దాని బరువు ఎంతో తనకి తెలుసు, తిట్టినా బాగుణ్ణు. పాల గ్లాసులు ఇరవై. మోసిన బకెట్లు. మూట. అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటున్నాయి.

"ఎన్నాళ్ళైంది నీకు రాక?" అంది అత్తయ్య చివరికి.

"యాభై నాలుగు రోజులు."

"పొత్తికడుపులో నొప్పేమన్నా ఉందా?"

"లాగుతోంది. నడుం కూడా."

"ఒళ్ళు వేడెక్కి ఉన్నట్టుండి చెమటలు పడుతున్నాయా?"

"అప్పుడప్పుడు."

"కడుపు లేదు సరే. మరి నీకేమైందే?"

గోడకి వీపు ఆనించింది. యాభై నాలుగు రోజులు. ఉందా లేదా, ఉందా లేదా అని అందరూ అడిగారు, తనూ అడిగింది, పుల్లని అడిగింది, రక్తాన్ని అడిగింది. ఈ మాట ఎవరూ అడగలేదు. తనూ అడుక్కోలేదు. ఏదో అయింది తనకి, లోపల ఏదో ఆగిపోయింది, రోగమో, వయసో, ఏమిటో. దాని మీద కూర్చుని ఇన్నాళ్ళూ వేరేదాని కోసం ఏడ్చింది.

"తెలీదత్తయ్యా. భయంగా ఉంది."

"ఉండదూ మరి." ఆవిడ గొంతు తగ్గించింది. "డాక్టరమ్మ దగ్గర నాలుగింటికి రాయించాం కదా, అది మానొద్దు. నేనూ నువ్వూ వెళ్దాం. వీళ్ళిద్దరూ ఇంట్లో ఉంటారు."

"ఆయనకి..."

"నేను చెప్తాను వాడికి. ఏడుస్తాడు, ఏడవనీ. నువ్వేమన్నా తిన్నావా?"

"లేదు."

"తిను ముందు" అంది అత్తయ్య. "నేను ఆటోలో వస్తున్నాను."